2జీ తలుపు గట్టిగా మూసే మోడెమ్ ఏది? ఎస్పీ రోడ్డు 4జీ మాడ్యూళ్ల సమీక్ష

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో 4జీ మాడ్యూల్, అంటే సిమ్ వేసి పరికరాలకు నెట్ ఇచ్చే చిన్న మోడెము, కావాలంటే కొట్టువాళ్లు ముందు స్పీడు చెబుతారు, ఆ తర్వాత రేటు. "అన్నా, ఇందులో 2జీ పూర్తిగా ఆపేయొచ్చా?" అంటే మాత్రం "ఎందుకు సార్ ఆపడం, సిగ్నల్ లేనిచోట పనికొస్తుంది కదా" అనే జవాబే ఎక్కువ. జేబులో పెట్టుకునే ఫోనుకైతే ఆ మాట కొంతవరకు సరే. హిందూపురం దగ్గర పొలంలో బోరు మోటారుకు కట్టే మోడెముకి, మదనపల్లెలో తాళం వేసిన ఇంట్లో కెమెరాకు నెట్ ఇచ్చే రూటరుకి మాత్రం చెల్లదు. ఇక్కడ మేం చూసింది ఒక్కటే: "4జీ తప్ప ఇంకేదీ వద్దు" అని చెబితే మోడెము వింటుందా, కరెంటు పోయి వచ్చాక కూడా ఆ మాట మీదే నిలబడుతుందా? స్పీడు లెక్కలు కావాలంటే డబ్బా మీద ఉంటాయి.

2జీ మీద ఇంత పట్టుదల ఎందుకో ముందు చెప్పాలి. 2జీలో సిమ్ తానెవరో టవరుకు రుజువు చేసుకోవాలి, టవరు మాత్రం సిమ్‌కు ఏమీ రుజువు చేయనక్కర్లేదు. ఆపరేటర్ కోడ్ ప్రసారం చేస్తూ గట్టి సిగ్నల్ ఇచ్చే ఏ పెట్టె ఎదురైనా మోడెము దాన్ని సొంత టవరనే నమ్ముతుంది. సంభాషణను గుప్తంగా ఉంచాలా వద్దా అన్నది కూడా టవరు చేతిలోనే ఉంది. "వద్దు" అని టవరంటే అంతా తెరిచిన ఉత్తరమే. గుప్తంగా ఉంచినా ఆ తాళాలు పాతబడ్డాయి: మాటలకు వాడిన ఏ5/1ను ఛేదించే పట్టికల పని 2009 నుంచే బయట ఉంది. జీపీఆర్‌ఎస్ (2జీ నెట్) డేటాకు వాడిన జీఈఏ-1 పేరుకు 64 బిట్లదే కానీ, అసలు బలం 40 బిట్లేనని 2021లో పరిశోధకులు చూపించారు. 3జీ నుంచి టవరు కూడా తనను తాను రుజువు చేసుకోవాలి. 4జీలో ఆ కట్టు ఇంకా బిగిసింది.

"మన దగ్గర 4జీ ఉంది కదా, 2జీకి ఎందుకు పోతుంది?" అని అడిగేవాళ్లున్నారు. పంపించేవాళ్లు ఉంటే పోతుంది. నకిలీ 4జీ టవరు దగ్గర మీ సిమ్ రహస్య తాళం ఉండదు కాబట్టి అది పూర్తి కనెక్షన్ ఇవ్వలేదు. కానీ ఒకరికొకరు రుజువు చేసుకునే ఆ పరీక్ష మొదలయ్యేలోపే కొన్ని మాటలు చెప్పగలదు: "ఇక్కడ నీకు సేవ లేదు", "ఫలానా 2జీ ఫ్రీక్వెన్సీకి వెళ్లు". ఆటో మోడ్‌లో, అంటే 2జీ అయినా 4జీ అయినా దొరికింది పట్టుకునే పద్ధతిలో, ఉన్న మోడెము బుద్ధిగా వెళ్లిపోతుంది. 4జీకి మాత్రమే పెట్టిన మోడెముకు వెళ్లడానికి చోటే ఉండదు. నకిలీ టవరు పోయేదాకా, కొన్నిసార్లు మోడెము రీస్టార్ట్ చేసేదాకా నెట్ ఆగిపోవచ్చు, 2జీకి మాత్రం జారదు.

జియో సిమ్ ఉన్నవాళ్లు "మాకు 2జీ నెట్‌వర్కే లేదు, ఈ గొడవ మాకెందుకు" అంటారు. జియోకు 2జీ లేని మాట నిజమే, 2016లో అది 4జీతోనే మొదలైంది. కానీ మోడెముకు ఆ సంగతి తెలియదు. ఆటోలో వదిలేస్తే 4జీ పోయిన క్షణం నుంచి 2జీ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో వెతుకుతూనే ఉంటుంది, జియో కోడ్ వేసుకుని ఎవరైనా 2జీలో పిలిస్తే పలుకుతుంది. పోగొట్టుకునేది ఏమీ లేదు కాబట్టి జియో సిమ్ వేసిన మోడెములోనే 2జీని ముందుగా ఆపాలి.

మోటారు స్టార్టర్ల సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి. ఎస్సెమ్మెస్‌తో నడిచే స్టార్టర్లలో చాలావాటికి కాపలా ఒక్కటే: పంపిన నంబరు జాబితాలో ఉందా లేదా. నకిలీ 2జీ టవరు చేతిలో మోడెము పడితే ఆ నంబరు గడిలో ఏది కావాలంటే అది రాయొచ్చు. మీ నంబరుతోనే "ఆన్" అని వస్తే స్టార్టర్ పట్టేస్తుంది. ఎండిన బోరులో మోటారు రాత్రంతా తిరిగితే వైండింగ్ ఖర్చు ఎంతో రైతులకు చెప్పక్కర్లేదు.

ఇక సరుకు. సీరియల్ పోర్టులో మోడెముకు పంపే ఏటీ కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. సీరియల్ స్పీడు 115200. ముందు "ఏటీ" కొట్టి "ఓకే" వచ్చిందో లేదో, "ఏటీ+సీపిన్?" కొడితే "రెడీ" అంటుందో లేదో చూశాకే మిగతా పని.

క్వెక్‌టెల్ ఈసీ25 మా మొదటి ఎంపిక. మినీ పీసీఐఈ కార్డుగా వస్తుంది, యూఎస్‌బీ అడాప్టర్‌లో పెట్టుకుంటే ల్యాప్‌టాప్‌కైనా రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకైనా తగిలించుకోవచ్చు. లైనక్స్‌లో నాలుగు సీరియల్ పోర్టులు కనబడతాయి, కమాండ్లు వినేది మూడోది, అంటే "టీటీవైయూఎస్‌బీ2". కొట్టాల్సింది: ఏటీ+క్యూసీఎఫ్‌జీ="ఎన్‌డబ్ల్యూస్కాన్‌మోడ్",3,1. ఇందులో 3 అంటే 4జీ మాత్రమే. చివరి 1 అంటే ఇప్పుడే అమలు చేయమని, అక్కడ 0 వేస్తే రీస్టార్ట్ అయ్యేదాకా పాత పద్ధతిలోనే నడుస్తుంది. ఆటోకు తిరిగి రావాలంటే 3 బదులు 0. సెట్టింగ్ మోడెము లోపలి మెమరీలోనే నిలుస్తుంది కాబట్టి కరెంటు పోయినా పోదు. ఆ తర్వాత ఏటీ+క్యూఎన్‌డబ్ల్యూఇన్ఫో కొట్టండి. "ఎఫ్‌డీడీ ఎల్‌టీఈ" లేదా "టీడీడీ ఎల్‌టీఈ", పక్కన ఆపరేటర్ కోడ్, బ్యాండ్ వస్తాయి (ఎల్‌టీఈ అంటే 4జీనే). బెంగళూరులో ఎయిర్‌టెల్ సిమ్ అయితే కోడ్ 40445, పొలానికి తీసుకెళ్లి ఆంధ్రా సర్కిల్‌లో పెడితే 40449.

ఈసీ25 కొనేటప్పుడు చివరి అక్షరం మీద కన్నుండాలి. ఈసీ25-ఈ మన దేశానికి సరిపోతుంది: బ్యాండ్ 1, 3, 5, 8, 40, 41 అన్నీ ఉన్నాయి. ఈసీ25-ఏ అమెరికా రకం, దాని 4జీ బ్యాండ్లు 2, 4, 12. పాత పరికరాల్లోంచి తీసినవి చవగ్గా కనబడితే ముందు స్టిక్కరు చదవండి. ఆ కార్డు ఇక్కడ ఎంత సేపు వెతికినా టవరు దొరకదు, తప్పు సిమ్‌దే అనుకుని కూర్చుంటారు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ వాడేవాళ్లకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 28 కూడా కావాలి, అది ఈసీ25-ఈలో లేదు. వాళ్లు ఈజీ25-జీ తీసుకోవాలి. రేటు ఎక్కువైనా ఆ పల్లెల్లో అదే పనిచేస్తుంది.

సిమ్‌కామ్ సిమ్7600 కూడా మంచి సరుకే, పైగా దీని కమాండ్ తేలిక: ఏటీ+సీఎన్‌ఎంపీ=38. 38 అంటే 4జీ మాత్రమే, 2 అంటే ఆటో, 13 అంటే 2జీ మాత్రమే, 14 అంటే 3జీ మాత్రమే. వెంటనే అమలవుతుంది, రీసెట్ తర్వాతా ఉంటుంది. దీంట్లో మాకు బాగా నచ్చింది ఏటీ+సీపీఎస్‌ఐ? అనే కమాండ్. ఏ టెక్నాలజీ, ఏ ఆపరేటర్, ఏ బ్యాండ్, సిగ్నల్ ఎంత అన్నీ ఒక్క వరుసలో ఇస్తుంది. మొదటి మాట "ఎల్‌టీఈ" అయితే సరే, "జీఎస్‌ఎం", అంటే 2జీ, అయితే తలుపు ఇంకా తెరిచే ఉంది. ఇక్కడా అక్షరం చూసుకోవాలి: 7600ఈ-హెచ్, 7600జీ-హెచ్ మనకు నప్పుతాయి, 7600ఏ-హెచ్ అమెరికాకు. రాస్‌ప్‌బెర్రీ పై మీద కూర్చునే బోర్డుల్లో ఈ అక్షరం కొన్నిసార్లు యాంటెన్నా తీగ కింద పడి కనబడదు, తీగ పక్కకు జరిపి చదవమనండి.

అదే కంపెనీ ఏ7670సీ చిన్నది, మూడింట్లో చవకైనది. 4జీలో తక్కువ వేగపు తరగతి క్యాట్-1 కాబట్టి కిందికి 10, పైకి 5 ఎంబీపీఎస్ దాటదు. కెమెరా వీడియోకు చాలదు, మోటారు ఆన్ ఆఫ్‌కీ ఇన్వర్టర్ రీడింగులకీ మాత్రం ఎక్కువే. దీంట్లో 3జీ లేనే లేదు, 4జీ, 2జీ మాత్రమే, ఆపే కమాండ్ 7600కు చెప్పిందే. ఈ కుటుంబంలో దగ్గరి పేర్లతోనే పూర్తిగా 2జీ లేని రకాలూ ఉన్నాయి. చేతికొచ్చింది ఏదో తేల్చుకోవడానికి ఏటీ+సీఎన్‌ఎంపీ=? కొట్టండి. వచ్చిన అంకెల్లో 13 లేకపోతే అందులో 2జీ లేదు, ఆపే పనే తప్పింది. మోటారుకు మాత్రమే కొనేవాళ్లు అలాంటిది దొరికితే వదలొద్దు.

బ్రాండ్ పేరు లేని తెల్ల డాంగిళ్ల జోలికి వెళ్లొద్దనే మా సలహా. వాటి వెబ్ పేజీలో కొన్నిసార్లు "4జీ ఓన్లీ" అని ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు, ఉన్నా తీసి పెట్టేసరికి ఆటోకు వచ్చేసేవి ఉన్నాయి. ఏటీ కమాండ్ల పోర్టే బయటకు ఇవ్వని వాటిలో లోపల ఏం జరుగుతోందో చూసుకునే దారి లేదు.

సెట్టింగ్ పెట్టాక దాన్ని నమ్మేముందు రెండు పరీక్షలు. మొదటిది, ఏటీ+సీఓపీఎస్=? కొట్టి ఓపికగా ఆగడం, మూడు నిమిషాల దాకా పట్టొచ్చు. వచ్చిన జాబితాలో ప్రతి ఆపరేటర్ చివర ఒక అంకె ఉంటుంది: 7 అంటే 4జీ, 2 అంటే 3జీ, 0 అంటే 2జీ. అన్నీ 7లే రావాలి. రెండోది ఇంకా నమ్మకమైనది. మోడెమును యాంటెన్నాతో సహా మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, యూఎస్‌బీ వైరు మాత్రం సందులోంచి బయటకు తీసి, మూత మెల్లగా మూస్తూ తెరుస్తూ సీపీఎస్‌ఐ (ఈసీ25లో క్యూఎన్‌డబ్ల్యూఇన్ఫో) చూస్తుండండి. 4జీ పోయినప్పుడు "నో సర్వీస్" అనాలి, "జీఎస్‌ఎం" అనకూడదు. ఇదే పని ఆటో మోడ్‌లో చేస్తే కొన్ని చోట్ల 2జీకి జారడం కళ్లతోనే చూడొచ్చు. ఆ తర్వాత పవర్ తీసి, నిమిషం ఆగి పెట్టి, మళ్లీ చూడాలి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే సెట్టింగులు మొదటికి రావచ్చు, కాబట్టి అప్పుడూ చూడాలి. రూటర్లలో ఇంకో చిక్కుంది: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి రూటరు సాఫ్ట్‌వేర్లలో నెట్‌వర్క్ మోడ్ అని వేరే గడి ఉంటుంది. అక్కడ ఆటో గానీ, 2జీ, 3జీ కలిసిన మోడ్ గానీ సేవ్ అయి ఉంటే కనెక్ట్ అయ్యే ప్రతిసారీ మోడెముకు అదే రాసేస్తుంది. రెండు చోట్లా 4జీ అనే పెట్టాలి. లైనక్స్‌లో మోడెమును నడిపే మోడెమ్‌మేనేజర్ ప్రోగ్రాము ఉంటే, అందులోని ఎలౌడ్ మోడ్స్‌ను కూడా 4జీకి మార్చండి.

2జీ ఆపాక "మోడెము పాడైంది" అని వెనక్కి తెచ్చేవాళ్లలో ఎక్కువమందికి వచ్చేది ఈ గొడవే. పాత సిమ్800 అనే 2జీ బోర్డుకు రాసిన ఆర్డుయినో ప్రోగ్రామునే కొత్త మోడెముకు పెడతారు. ఆ ప్రోగ్రాము ఏటీ+సీఆర్‌ఈజీ? అడిగి "0,1" వచ్చేదాకా తిరుగుతుంటుంది. 4జీ రిజిస్ట్రేషన్ చెప్పేది ఏటీ+సీఈఆర్‌ఈజీ?, అడగాల్సింది దాన్ని. "0,1" తోపాటు "0,5" కూడా ఒప్పుకునేలా రాయాలి. బెంగళూరులో తీసుకున్న సిమ్ హిందూపురం పొలంలో రోమింగ్‌గా కనబడొచ్చు, అప్పుడు వచ్చేది 5. ఈ ఒక్క అంకె వల్లే బల్ల మీద చక్కగా పనిచేసిన స్టార్టర్ పొలంలో మూగబోతుంది. "0,2" అంటే ఇంకా వెతుకుతోంది, "0,3" అంటే నెట్‌వర్క్ ఒప్పుకోలేదు, సిమ్ ప్లాన్ చూసుకోవాలి.

మిస్డ్ కాల్‌తో మోటారు నడిపే పద్ధతి ఉన్నవాళ్లు కొనేముందే ఆలోచించాలి. 4జీలో మాట వెళ్లాలంటే వోల్టీ, అంటే 4జీ మీదే కాల్స్ నడిపే సదుపాయం, కావాలి. మోడెములో ఆ సదుపాయం లేకపోతే, లేదా మీ ఆపరేటర్‌తో కుదరకపోతే, ఫోను కాల్ కోసం నెట్‌వర్క్ మోడెమును 2జీకి దింపాలని చూస్తుంది. ఆ దారి మూసేశాం కదా, కాల్ రాదు. ఎస్సెమ్మెస్ 4జీలోనే రాగలదు కానీ ఆపరేటర్‌ను బట్టి, మోడెమును బట్టి తేడా ఉంటుంది. మీ సిమ్‌తోనే పెట్టి చూడాలి. కొత్తగా కట్టేవాళ్లకు మా మాట: కాల్, ఎస్సెమ్మెస్ రెండూ వదిలేసి డేటా మీద, టీఎల్‌ఎస్‌తో (డేటాను గుప్తంగా, దారిలో మార్చలేకుండా పంపే పద్ధతి) ఎమ్‌క్యూటీటీ (పరికరాల మధ్య చిన్న సందేశాలు పంపే పద్ధతి) నడపండి. మోడెములో పెట్టాల్సిన ఏపీఎన్ (ఆపరేటర్ నెట్‌కు దారి పేరు) జియోకు "జియోనెట్", ఎయిర్‌టెల్‌కు "ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్.కామ్". జియోలో ఐపీవీ4వీ6 రకం పెట్టుకుంటే తలనొప్పి తక్కువ.

యాంటెన్నా దగ్గర పిసినారితనం పనికిరాదు. "జీఎస్‌ఎం యాంటెన్నా" అని ఇచ్చేవి 900, 1800 కోసం చేసినవి. పట్నంలో ఎక్కువగా తగిలే 2300 బ్యాండ్‌లో అవి నీరసపడతాయి. 700 నుంచి 2700 మెగాహెర్ట్జ్ దాకా అని రాసి ఉన్నది అడగండి. ఈసీ25 మీద మూడు చిన్న కనెక్టర్లుంటాయి: మెయిన్, డైవర్సిటీ, జీపీఎస్. మెయిన్ ఒక్కటే పెట్టి వదిలేయడం అందరూ చేసేదే, అంచు సిగ్నల్ ఉన్న పొలంలో రెండోది కూడా పెట్టాల్సిందే. ఆ కనెక్టర్లు దాదాపు 30 సార్లు తీసి పెట్టడానికే తయారైనవి, ఊరికే పీకొద్దు. సిగ్నల్‌ను గీతల్లో చూడొద్దు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ (4జీ సిగ్నల్ బలాన్ని కొలిచే అంకె) చూడండి: మైనస్ 90 దగ్గరుంటే బాగుంది, మైనస్ 110 దాటితే బలహీనం, మైనస్ 120 దగ్గర తెగిపోతుంటుంది. 7600లో ఈ అంకె పదింతలుగా వస్తుంది, మైనస్ 870 అంటే మైనస్ 87.

2జీ ఆపితే అనుకోని లాభం ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. 900 బ్యాండ్‌లో 2జీ మోడెము ఒక్కో విడతలో 2 వాట్ల దాకా ప్రసారం చేస్తుంది, ఆ క్షణంలో 2 యాంపుల దాకా కరెంటు లాగుతుంది. 4జీలో గరిష్ఠం 0.2 వాట్లే. పాత మొబైల్ ఛార్జర్ మీద, సన్నటి వైరు మీద నడిచే బోర్డులు ఉన్నట్టుండి రీసెట్ అవడానికి, పక్కనున్న స్పీకర్లో గరగర రావడానికి కారణం ఆ విడతలే. 4జీకి మాత్రమే పెట్టాక ఆ జబ్బు చాలావరకు పోతుంది. అయినా సప్లై దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయడం మానొద్దు.

ఇంతా చేస్తే అన్ని దారులూ మూసుకున్నట్టా అంటే, కాదు. 4జీలో కూడా పరీక్షకు ముందే టవరు సిమ్ గుర్తింపు సంఖ్యను, అంటే ఐఎమ్‌ఎస్‌ఐని అడగగలదు, మోడెము చెప్పేస్తుంది. డేటాకు మార్పిడి జరగలేదన్న హామీ 4జీలో లేదు, అందుకే టీఎల్‌ఎస్ తప్పదన్నాం. జేబులో ఫోను సంగతి వేరుగా చూసుకోవాలి: ఆండ్రాయిడ్ 12 నుంచి కొన్ని ఫోన్లలో 2జీ ఆపే స్విచ్ సిమ్ సెట్టింగుల్లో ఉంది, ఐఫోనులో ఐఓఎస్ 17 నుంచి లాక్‌డౌన్ మోడ్ ఆ పని చేస్తుంది.

పొలంలో 4జీ అసలే లేకపోతే ఏ మోడెమూ కొనొద్దు. ముందు ఫోనును ఎల్‌టీఈ ఓన్లీలో పెట్టి, మోటారు గది దగ్గర, ఇనుప డబ్బా లోపల, పక్కన స్తంభం మీద మూడు చోట్లా వేర్వేరు సిమ్‌లతో చూడండి. ఏ ఆపరేటర్ సిగ్నల్ నిలబడుతుందో, ఏ బ్యాండో రాసుకుని అప్పుడు ఎస్పీ రోడ్డుకు వెళ్లండి. కెమెరాకైతే ఈసీ25-ఈ, బీఎస్‌ఎన్‌ఎల్ అయితే ఈజీ25-జీ, మోటారుకు మాత్రమే అయితే ఏ7670సీ. కొట్టులోనే ల్యాప్‌టాప్ తెరిచి, మీ సిమ్ వేసి, 38 గానీ 3 గానీ కొట్టి, ఒకసారి పవర్ తీసి పెట్టాక కూడా అదే అంకె చూపిస్తేనే డబ్బులివ్వండి. కొట్టువాళ్లకు ఇది వింత కోరికేమీ కాదు, కౌంటరు మీద యూఎస్‌బీ వైరు ఎప్పుడూ ఉంటుంది.